కొండీత ఒప్పుకోవాలి

ఏమర్రా, టీవీలో క్రికెట్ ఆడేవాడి బామ్మర్ది పేరడిగినా టక్కున చెబుతారు. మెట్రోలో ఏ స్టేషను తర్వాత ఏది వస్తుందో కళ్లు మూసుకుని అప్పజెబుతారు. కొళాయి పక్కన రోజూ తువ్వాళ్లు ఆరేసుకుంటున్నారే, ఆ నల్ల మొద్దుని అక్కడ ఎవరు పాతారని మీలో ఒక్కరు, ఒక్క పూట అడిగిన పాపాన పోయారా? కోదండం తాత అనేవాడు ఒకడుండేవాడని తెలుసా? మీ అమ్మల పెళ్లిళ్లు ఆయన నోటి మాట మీద జరిగాయర్రా! ఆ టీవీ కట్టెయ్యండి. అడగనివాళ్లకి చెప్పడం నాకేం సరదా కాదు. కానీ నేనూ పోతే చెప్పే దిక్కుండదు.

మీ తాతకి వరసకి అన్న, నాకు బావ. ఆ కోదండం బావకి ఉన్నది ఒకటే జబ్బు. ఏం అడిగినా, "సెట్టునడిగి సెప్తాను" అనేవాడు.

ఏవో పెద్ద విషయాలకనుకునేరు. జల్లెడ ఎరువివ్వమంటే చెట్టునడగాలి. సినిమాకొస్తావా అంటే చెట్టునడగాలి. ఒకసారి మీ తాతకి జ్వరమొచ్చి, "అన్నియ్యా, రేపు నా డూటీ నువ్వు సెయ్యవా?" అనడిగాడు. జ్వరపు మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి బావ చెట్టు దగ్గరకి పోయాడు. మొద్దుకి చెవి ఆనించాడు. ఏదో గొణిగాడు. మళ్లీ ఆనించాడు. తిరిగొచ్చి, "సెయ్యమంది. అయితే నువ్వు గంజే తాగాలంట, అన్నం ముట్టకూడదంట" అన్నాడు.

"ఆ సెట్టు డాట్రీ ఎప్పుడు సదివింది అన్నియ్యా?"

"ఉండు, అదీ అడుగుతాను" అని మళ్లీ బయల్దేరాడు.

ఆయన భార్య కామాక్షమ్మక్క పడిన అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. "ఏటి వండమంటావు?" అని అడిగితే చాలు, మనిషి చెప్పుల్లో కాళ్లు పెట్టేవాడు.

"అదేటి సెప్తాది, వంకాయా బెండకాయా? రేపట్నుంచి కంచం దాని ముందే పెడతాను. నువ్వెల్లి దాని బదులు ఎండలో నిలబడు!" అని గరిటె ఎత్తేది అక్క. ఒకరోజు కడుపు మండి అందరి ముందూ కడిగేసింది. "అన్నీ సెట్టునడుగుతావు గదా, మరి నన్ను సేసుకున్నప్పుడు ఎవుల్నడిగినావు?"

బావ చెట్టు వైపోసారి చూశాడు. "అప్పుడది సిన్నదే. మాటలింకా రానేదు" అన్నాడు.

అప్పటికింకా కలకత్తాలో, ఈ భవానీపూర్లో మన వరస ఇళ్లు ఇలా మేడలు కాలేదు. కార్పొరేషనువాళ్లు తెలుగు పనివాళ్లకిచ్చిన గదులు, ఇటు వరస, అటు వరస, మధ్యలో నడవ. నడవ చివర అందరికీ కలిపి ఒకటే కొళాయి. కొళాయి పక్కన ఆ చెట్టు. మగవాళ్లంతా రోడ్లూడ్చేవాళ్లు, కాలవలు తీసేవాళ్లు. కోదండం బావది గొట్టం పని. తెల్లారగానే రోడ్డు వారనున్న హైడ్రెంటు తిప్పి గంగనీళ్లతో వీధి కడిగేవాడు. వీధి ఎంత కడిగాడో దేవుడికి తెలియాలి, ఆఖరి బాల్చీ మాత్రం చెట్టుకే. మెట్రో కోసం రోడ్డు నిలువునా తవ్విపారేసి ఊరంతా ముక్కు మూసుకుని తిరుగుతుంటే, ఈయనొక్కడే ఆ మట్టిని గోనెసంచిలో మోసుకొచ్చి చెట్టు మొదట్లో పోశాడు. "పాతాలం మట్టి. రాజులక్కూడా దొరకదు" అని మురిసిపోయాడు.

దాన్ని మనవాళ్లు కొండీత అంటారు. పేరుకే ఈత, ఈతపండు కాయదు. మొసలి వీపులాంటి మొద్దు, దాని నెత్తిన గొడుగులా ఆకులు, ఒక్కో ఆకూ పెద్ద దువ్వెనలా ఉంటుంది. నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. ఉన్నట్టుండి నడినెత్తి నుంచి కొత్తాకులన్నీ ఒక్కసారే లేస్తాయి. అప్పుడవి చంటిపిల్ల వేళ్లలా ముడుచుకుని, ముట్టుకుంటే కందిపోయేలా ఉంటాయి. గట్టిపడ్డాయంటే ఇక ఎండకీ వానకీ లొంగవు. ఎండిపోయినా రాలవు, మొద్దుని పట్టుకుని వేలాడతాయి.

మన ఊళ్లు మందస కొండల కింద. మా అమ్మమ్మ వాళ్ల అమ్మమ్మ కాలంలో పెద్ద కరువొచ్చిందట. తినడానికి కొండీత కాయలు తప్ప మరేమీ మిగల్లేదట. ఆ కాయలో విషముంటుంది. పగలగొట్టి, దంచి, పారే గెడ్డలో నానేసి, నీళ్లు మార్చి మార్చి కడిగితేగాని ఆ పిండి నోట్లో పెట్టడానికి లేదు. కడిగే ఓపిక ఉన్న ఇళ్లు బతికాయి. ఆకలికి ఆగలేక తొందరపడ్డ ఇళ్లు తలుపులు తియ్యలేదు. ఆ బతికిన ఇళ్లవాళ్లమే మనం. అందుకే మన పెళ్లిళ్లలో పందిరి రాటకి కొండీత ఆకు కడతాం. ఎన్ని మామిడాకులు కట్టు, ఎన్ని అరటిచెట్లు నిలబెట్టు, ఆ ఒక్క ఆకూ లేకపోతే పెద్దవాళ్లు అక్షింతలు చేతిలోకి తీసుకోరు.

పూర్వం ఊరి నుంచి మెయిలు బండిలో వచ్చేవాళ్లెవరో ఒకరు ఆకు తెచ్చేవారు. రాను రాను కొండల మీదే చెట్టు కరువైంది. పట్నాల్లో పూలబుట్టల కోసమని లారీలకొద్దీ ఆకు కోసుకుపోయేవాళ్లు కొందరు, అడవికి నిప్పు పెట్టేవాళ్లు కొందరు. "ఆకు దొరకలేదు, ఏమనుకోకండి" అని ఊరి నుంచి కబుర్లు రావడం మొదలైంది. కలకత్తాలో మనవాళ్లందరికీ దిక్కు ఆ కొళాయి పక్క చెట్టే అయింది.

దాన్ని బావ పెళ్లికాని రోజుల్లోనే తెచ్చాడు. తల్లిచెట్టు మొదట్లో ఉన్న పిలకని తవ్వి, తడి గోనెలో చుట్టి, రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను నిలబడ్డాడు. టీసీ వచ్చి ఏమిటిదని అడిగితే, "ఆడపిల్ల సార్" అన్నాడట.

"టికెట్టేదీ?"

"అయిదేల్ల లోపు సార్."

టీసీ నవ్వాలో తిట్టాలో తేలక పక్క పెట్టెలోకి పోయాడు. బావ మాత్రం ఆ మాట వేళాకోళానికి అనలేదు. నిజంగానే ఆడపిల్లలా పెంచాడు. పండగకి పసుపు, బొట్టు, ఓ చీరముక్క. ఒక ఎండాకాలం చెట్టు నడినెత్తిన పెద్ద మొక్కజొన్న పొత్తులాంటిది లేచి, కొళాయి దగ్గర నిలబడలేనంత ఘాటు వాసన కొట్టింది. బావ ఇల్లిల్లూ తిరిగి, "మా పిల్ల నీల్లోసుకుంది" అని చెప్పాడు. సీమంతమన్నాడు. ఆడవాళ్లందరికీ గాజులన్నాడు. మేమూ గాజులొస్తే చేదా అని వెళ్లి కూర్చున్నాం.

సరిగ్గా అప్పుడే ఎవరో చెబితే విని, మొక్కల చదువు చదివిన బెంగాలీ బాబు ఒకాయన చూడ్డానికొచ్చాడు. కళ్లజోడు సర్దుకుని చుట్టూ తిరిగాడు. "అద్భుతం! ఇలాంటిది మీ కొండల్లో తప్ప ఎక్కడా ఉండదు, అక్కడా అయిపోతోంది. జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. తర్వాత ఆ పసుపు, ఆ గాజులు, ఆ చీర చూసి, "ఇదంతా ఏమిటి?" అన్నాడు.

"సీమంతం, దాదా."

"అరే బాబా, ఇది మగచెట్టు! ఈ జాతిలో ఆడది వేరు, మగది వేరు. దీనికి కాయ కాయదు."

 బావ చెట్టు వైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇన్నేల్లు నాతో ఒక్క ముక్క సెప్పకపోతివి గదరా!" అన్నాడు. ఆడపిల్ల పోయి అప్పటికప్పుడు అరేయ్ అయిపోయింది. కామాక్షమ్మక్క చీర లాక్కుని మడతపెట్టుకుంది. గాజులు మాత్రం మేం ఇవ్వలేదు.

ఓట్లప్పుడు ఎర్రజెండావాళ్లు వచ్చి, "కోదండం దా, ఓటు మనకే కదా?" అని వాళ్ల భాషలో అన్న వరస పెట్టి అడిగితే, "గాఛ్‌కే జిగేశ్ కొరే బోల్బో" అనేవాడు. చెట్టునడిగి చెబుతానని. అవతలి జెండావాళ్లకీ అదే జవాబు. రెండు జెండాలవాళ్లూ పోతూ పోతూ చెట్టుకో దణ్ణం పెట్టేవారు. పూజా పందిరి కుర్రాళ్లు ఆకులు అడిగితే, "అది తెలుగు సెట్టు. బెంగాలీలో అడిగితే ఇనబడదు" అనేవాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగుండేవి. పెళ్లి ఆకు దగ్గరికొచ్చేసరికి మాత్రం నవ్వులాట కాదు.

పెళ్లి కుదిరాక రెండు వైపులవాళ్లూ ఒక ఆదివారం వచ్చి నడవలో కూర్చోవాలి. పెళ్లికొడుకు హైడ్రెంటు దగ్గర్నుంచి బాల్చీడు గంగనీళ్లు మోసుకురావాలి. బావ అతని పక్కన నడుస్తాడు. తర్వాత పెళ్లికూతురు ఒక్కత్తే వెళ్లి ఆ నీళ్లు చెట్టుకి పొయ్యాలి. తల్లి కూడా వెంట పోకూడదు. "జనం గోల దానికి పడదు" అనేవాడు బావ. తానొక్కడే పిల్ల పక్కన నిలబడేవాడు. నీళ్లు పోయడం అయ్యాక మొద్దుకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, అందరి ప్రాణాలూ గొంతులోకొచ్చేదాకా నిలబడేవాడు. అప్పుడు చెప్పేవాడు. "ఇస్తానంది" అంటే కొడవలి తెచ్చేవాడు. "ఒద్దంది" అంటే అంతే. కొడవలి రాదు.

చాలా పెళ్లిళ్లకి ఇచ్చాడు. కొన్నిటికి ఇవ్వలేదు. ఇవ్వనప్పుడు చెప్పే కారణాలు వింటే ఒళ్లు మండేది. ఒక పెళ్లికొడుకు చెట్టు దగ్గర తుమ్మాడట. మరొకడు బాల్చీ ఈడ్చుకొచ్చాడట. మా ఆడపడుచు జయలక్ష్మికి చూసిన సంబంధానికైతే, పిల్లాడి మీసం చెట్టుకి నచ్చలేదన్నాడు. పాపం ఆ పిల్లాడు మీసం గొరిగించుకుని మళ్లీ వచ్చాడు.

బావ చెవి ఆనించి విన్నాడు. "ఇప్పుడు మొకం నచ్చనేదంట" అన్నాడు.

సంబంధం చెడిపోయింది. మా అత్త వారం రోజులు కోదండం బావని తిట్టింది. మగపెళ్లివాళ్లూ ఆయన్నే తిట్టారు. ఊళ్లో తిట్లన్నీ ఆయనకే సరిపోయేవి, మరొకరికి మిగిలేవి కావు. ఆయన తువ్వాలు దులుపుకుని, "నన్నంటే నాకేటి? నాను అడిగినోన్నేగాని సెప్పినోన్ని కాదు" అనేవాడు.

అలాంటి సమయంలో శారద పెళ్లొచ్చింది.

శారద మన గురువులు పెద్దకూతురు. గురువులంటే నాలుగు గుమ్మాల అవతల ఉండేవాడు, బావతో కలిసి ఖైనీ నలుపుకునేవాడు. పిల్ల మాట బయటికి రావడమే కష్టం, సగం మాట మింగేసేది. సంబంధం గంగ అవతల షాలిమార్ వాళ్లది. పెద్దిరాజు అని, గూడ్స్ యార్డు తెలుగువాళ్లందరికీ పెద్దమనిషి. అతని కొడుకు వెంకటేశు, యార్డులోనే ఉద్యోగం. గురువులు మాటిచ్చేశాడు. బాజాలకి చెప్పేశాడు. ఇక ఆకు ఒక్కటే తక్కువ. పెద్దిరాజు అంతటివాడికి మాటిచ్చి తప్పితే గురువులు మళ్లీ మన సంఘంలో తలెత్తుకు తిరగలేడు. అది అందరికీ తెలుసు.

ఆదివారం వచ్చింది. వెంకటేశు నల్లద్దాలు పెట్టుకుని బాల్చీ మోసుకొచ్చాడు. శారద నీళ్లు పోసింది. బావ చెవి ఆనించాడు.

"ఒద్దంది."

"ఎందుకొద్దంది?" గురువులు లేచి నిలబడ్డాడు.

"కుర్రోడి కల్లు దానికి కనబడనేదంట."

వెంకటేశు అద్దాలు తీసేశాడు. బావ మళ్లీ చెవి ఆనించాడు. "కనబడినాయంట. ఒద్దంది" అన్నాడు.

"ఒరే కోదండం! మన సావాసం ఈనాటిదా? నా పరువు నీ సేతిలో ఎడితే నువ్వు మొద్దు సేతిలో ఎడతావేట్రా!"

"నానేటి సేస్తాను గురువులూ? అది మొండిది."

గురువులు ఊరుకునే మనిషి కాదు. అతని బామ్మర్ది సాల్ట్ లేక్‌లో ఓ మేడలో తోటపని చేస్తాడు. అక్కడ కుండీల్లో అచ్చం ఇలాంటి మొక్కే ఉందట. ఆకు కోయించి, చీరలో చుట్టి, బస్సులో దాచి తెచ్చాడు. పెద్దిరాజు వాళ్లని మళ్లీ పిలిపించి, "ఊరి నించి వొచ్చింది" అని ముందు పెట్టాడు.

మా నరసమ్మ పెద్దమ్మకి చూపు సరిగ్గా ఆనదు. ఆకు ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో అంచు తడిమింది. మళ్లీ తడిమింది.

"ఓరి గురువులూ, ఏ ఊరు నించి వొచ్చిందిరా ఇది?"

"మనూరే, పెద్దమ్మా."

"మనదైతే బల్లపరుపుగా ఉంటాది. దీని అంచులు కిందకి ముడుసుకుని ఉన్నాయి, ముల్లులా గుచ్చుకుంతంది. ఇది మేడలోల్ల కుండీ మొక్క. దీన్ని కట్టి బొమ్మల పెల్లి సేసుకో, వొచ్చి అచ్చింతలేస్తాను."

పెద్దిరాజు కండువా దులిపి లేచాడు. "అసలాకు కట్టిన రోజునే కబురెట్టు గురువులూ. అంతవరకూ మావోడు పీటలెక్కడు."

ఇక గురువులు నేరుగా పార్టీ ఆఫీసుకి పోయాడు. ఆ రోజుల్లో మొగుడూ పెళ్లాల తగువైనా, కొళాయి దగ్గర బిందెల తగువైనా తీర్చేది పార్టీ ఆఫీసులో ఉండే బెంగాలీ నాయకుడు నిమాయ్ దాయే. మంచివాడే గాని తీర్పు చెప్పకపోతే ఆయనకి అన్నం సయించదు. మరుసటి ఆదివారం పొద్దున్నే వచ్చి నడవ మధ్యలో కుర్చీ వేసుకున్నాడు. షాలిమార్ వాళ్లూ వచ్చారు. వరసల్లో ఉన్న జనమంతా గుమ్మాల్లోనే ఉన్నారు.

"కోదండం, ఆకు ఎందుకివ్వవు?"

"నాను ఇవ్వనన్నేదు దాదా. గాఛ్ ఒద్దంది."

"ఏ భాషలో అంది?"

"తెలుగులో."

"సరే, నేనడుగుతాను."

"దానికి బెంగాలీ రాదు దాదా."

జనం గొల్లుమన్నారు. నిమాయ్ దా చెవులు ఎర్రబడ్డాయి. "శోనో, వినండి! ఇది కార్పొరేషన్ జమీన్. చెట్టు ప్రజలది. ప్రజలకి ఆకు ఇవ్వని చెట్టు ప్రజలకెందుకు? ఇవాళ ఆకు ఇస్తావా, సరే. లేదా, చెట్టు తీయించేసి అక్కడ రెండో కొళాయి వేయిస్తా!"

రెండో కొళాయి! ఆడవాళ్లందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పొద్దున్నే బిందె పెట్టుకుని జుట్లు పట్టుకునేవాళ్లం మరి. ఎవరూ కాదనలేదు. గురువులు ముందే గునపం తెచ్చుకున్నాడు, గోడకి ఆనించి ఉన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

కోదండం బావ మొహంలో నెత్తురుచుక్క లేదు.  చెట్టుకి వీపు ఆనించి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"తప్పుకో కోదండం. నేదా, ఆకు కొయ్యి. ఒక్క ఆకురా! దాని నెత్తి మీద ఇన్ని ఉన్నాయి!"

"సెట్టు ఒద్దంది గురువులూ."

"సెట్టు పోతాదిరా!"

"పోనీ. ఒద్దంది."

నిమాయ్ దా కుర్చీలోంచి లేచాడు. "పిచ్చివాడివా? ఒక్క ఆకు కోసం మొత్తం చెట్టు పోగొట్టుకుంటావా?"

బావ వీపుని మొద్దుకి ఇంకా గట్టిగా ఆనించాడు. గురువులు ఆయన భుజం పట్టుకుని పక్కకి లాగి గునపం ఎత్తాడు.

"నాన్నా, ఆగు! సెట్టు కాదు. నానే ఒద్దన్నాను."

శారద. గుమ్మం దిగి నడవలోకి వచ్చేసింది. సగం మాట మింగే పిల్ల, మొత్తం మాట అందరికీ వినబడేలా అంది.

గునపం గాల్లోనే ఆగింది. "ఏటన్నావు?"

"నీల్లు పోసినప్పుడు మావ అడిగినాడు, ఇట్టమేనేటే గుంటా అని. నేదన్నాను. అలగైతే నువ్వెవుల్తోనూ అనకు, నీ మీదకొస్తారు, సెట్టు ఒద్దందని నాను సెప్తాను, దాన్నెవులు కొడతారు అన్నాడు. ఇప్పుడు దాన్నే కొడతన్నావు."

 కొళాయి దగ్గర బిందె కింద పెట్టిన చప్పుడైంది. చూస్తే మా జయలక్ష్మి. కొంగు నడుముకి దోపుకుని వచ్చింది. "వొదినా, ఇన్నావేటి? నాకూ అంతే" అంది నాతో. "మీసం నచ్చనిది సెట్టుకి కాదు, నాకే. గొరిగించుకుని వొచ్చినాక మొకం నచ్చనిది కూడా నాకే."

మా అత్త గుమ్మంలో కూలబడింది. అవతలి వరసలో ఇంకెవరో ఆడపిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తుమ్మిన పెళ్లికొడుకు ఆ పిల్లకి చూసిన సంబంధమే.

పెద్దిరాజు గొంతు సవరించుకున్నాడు. కోపంగా ఏదో అనబోయాడు. ఈలోపు పక్కన నిలబడ్డ వెంకటేశు నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నాన్నా, మరి నానూ ఒద్దనే సెప్పినాను."

"నువ్వా! ఎవుల్తోటి?"

"ఈ మావతోనే. బాల్చీ మోస్తన్నప్పుడు అడిగినాడు. ఖరగ్పూర్లో ఒక పిల్ల ఉంది, ఆ పిల్లంటేనే నాకు ఇట్టం అన్నాను. మీ నాన్నతో సెప్పినావా అన్నాడు. సెప్తే సంపేస్తాడన్నాను. సరే ఊరుకో, సెట్టు సూసుకుంటాదన్నాడు."

నిమాయ్ దా మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. నుదురు రుద్దుకున్నాడు. "దాఁడావ్, ఆగండి. పెళ్లికూతురు వద్దంది. పెళ్లికొడుకు వద్దన్నాడు. చెట్టు వద్దంది. మరి కావాలన్నది ఎవరు?"

నడవలో ఉన్న తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఒకవైపు గునపం పట్టుకుని గురువులు, మరోవైపు కండువా పట్టుకుని పెద్దిరాజు.

"అయితే మీరిద్దరూ సేసుకోండి" అంది నరసమ్మ పెద్దమ్మ. "దానికి ఆ కుండీ మొక్క ఆకు సరిపోతాది."

ఆ నవ్వులు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. ముందు పెద్దిరాజే నవ్వాడు, గురువులుకి ఇక నవ్వక తప్పలేదు. ఒక్కరికి మాత్రం నవ్వు రాలేదు. కోదండం బావ కోపంతో ఊగిపోతున్నాడు.

"నోర్ముయ్యండర్రా! ఈల్ల మాటలు నమ్మకండి. ఈల్లు అనకముందే సెట్టు అంది. నాను నా సెవులతో ఇన్నాను. ఈ గుంట మధ్యలో వొచ్చి దాని మాటంతా తన మాటంటంది!"

"మావా, నువ్వడిగితేనే గదా..."

"నాను నీకంటే ముందు దాన్ని అడిగినాను! వరసలో ముందెవులుంటే ఆల్ల మాటే ముందు!"

చచ్చేదాకా ఆయన అదే మాట మీద ఉన్నాడు. ఆడపిల్లలు చెట్టు మాట దొంగిలించారనేవాడు. ఆ సాయంత్రం కామాక్షమ్మక్క ఏం వండాలని అడగకుండానే చేపకూర వండి ఆయన కంచంలో వడ్డించి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. నేను టీ పట్టుకెళ్లాను.

"బావా, తిట్లన్నీ నువ్వు తిన్నావు. ఇవాళ సెట్టు కూడా పోయేది. నాలుగు మాటలు సెప్పేస్తే పోయేది గదా, ఎందుకిదంతా?"

ఆయన ముల్లు తీసి పక్కన పెట్టాడు. "అప్పమ్మా, ఆ కాయని మనోల్లు ఎన్ని నీల్లల్లో కడిగీవోరు? అన్నిసార్లు కడిగినాక కూడా ముందు కుక్కకి ఎట్టి సూసీవోరు. బతకడం కోసం అంత ఓపిక పట్టినోల్లం. ఒక పిల్లని, అమ్మా నీకిట్టమేనేటి అనడానికి మనకి ఓపిక నేదా? ఆల్లు అడగరు. నానడిగితే, నువ్వెవుడివంటారు. సెట్టు అడిగితే ఏటంటారు? నోర్మూసుకుంటారు."

తర్వాత నెమ్మదిగా, "నిజంగా అదే ముందంది" అన్నాడు.

రెండో కొళాయి నడవ ఇటు చివర వేయించాడు నిమాయ్ దా. నల్ల మొద్దు మీద గునపం పడలేదు. వెంకటేశు ఖరగ్పూర్ పిల్లనే చేసుకున్నాడు. మూడేళ్ల తర్వాత శారద, తనతో పాటు సాయంకాలం బడిలో చదువు చెప్పే ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చి నిలబెట్టింది. బావ వాడితో రెండు బాల్చీలు మోయించాడు. ఒకటి చాలు కదా మావా అంటే, "ఒకటి పాత బాకీ. నీ కోసం అది గునపం దెబ్బ తినబోయింది గదా" అన్నాడు.

ఆ ఆదివారం తర్వాత మన వరసల్లో ఒక విడ్డూరం మొదలైంది. పెళ్లి మాట రాగానే తండ్రులు ఇంట్లోనే, తలుపు దగ్గరికేసి, పిల్లని అడగడం నేర్చుకున్నారు. అడగడం చేతకాని మగాళ్లు, ఏం చేస్తారు? చెమటలు కక్కుతూ, గోడ వైపు చూస్తూ, అడిగీ అడగనట్టు అడిగేవారు. గురువులైతే చిన్నకూతురిని అడగడానికి ముందు ఖైనీ నలుపుకుని, మూడుసార్లు దగ్గి, "అమ్మా, మరి... ఏటంటే... కూర బాగుంది" అని లేచిపోయేవాడు. నాలుగో రోజు ఎలాగో అడిగాడు. పిల్ల ఇష్టమేనంది. అతని ఆనందం చూడాలి, పెళ్లికొడుకు తానే అన్నట్టు రోడ్డు మీద కనిపించినవాళ్లందరికీ చెప్పాడు, "నాను అడిగినాను! నానే అడిగినాను!" అని.

ఇదంతా చూసి కోదండం బావ నాతో ఒకటే గొడవ. "ఆల్లే అడిగేసుకుంతన్నారు అప్పమ్మా. నాకూ దానికీ పని లేకుండా సేసేసినారు" అని. పైకి సణిగేవాడు గాని, ఇంటింటి గుమ్మం ముందూ నడకలో కాస్త ఆగి, లోపల ఎవరైనా ఎవర్నైనా ఏమైనా అడుగుతున్నారేమో అని చెవి పెట్టి వినేవాడు.

కోదండం బావ పోయేనాటికి డెబ్బై ఒక్క ఏళ్లు. ఇక లేచి ఆ మొద్దు మీది తువ్వాళ్లు తీసి, దానికో బాల్చీ నీళ్లు పొయ్యండర్రా, అది ఆయన పెంచిన చెట్టు.